మైదానానికి ఏది మేలు?
– సహజ పచ్చిక, కృత్రిమ పచ్చిక: ఒక పరిశీలన –

మైదానం అనే మాట ఉర్దూవారికీ తెలుగువారికీ ఒక్కటే. పారశీకం నుండి ఉర్దూలోకీ, ఉర్దూ నుండి తెలుగులోకీ వచ్చి, ఎవరూ పరాయిదిగా భావించనంతగా అది మన నాలుకల మీద స్థిరపడింది. మన కళాశాలలో రెండు మాధ్యమాల విద్యార్థులు పగలంతా వేరువేరు గదులలో కూర్చున్నా, సాయంకాలం నాలుగు గంటలకు కలుసుకొనేది ఆ మైదానంలోనే. బంతి కోసం ఒకడు "ఇధర్ దే" అంటాడు, మరొకడు "ఇటివ్వరా" అంటాడు. బంతికి మాత్రం ఆ భేదం తెలియదు.

గత విద్యాసంవత్సరం చివర ఆ మైదానాన్ని గురించి పాలకవర్గం వారి సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. ఉన్న నేలను చదును చేసి, పైన కృత్రిమ పచ్చిక పరిచి, చుట్టూ వల కట్టి, దీపాలు అమర్చాలని దాని సారాంశం. గుత్తేదారు తెచ్చిన నమూనా ముక్క చేతులు మారింది. నిమిరి చూసినవారందరూ ముచ్చటపడ్డారు. మేమూ ముచ్చటపడ్డాము. ఇంత ఖర్చు ఎలా రాబట్టాలన్న ప్రశ్నకు, సాయంకాలం నుండి అర్ధరాత్రి వరకు గంటల లెక్కన బయటివారికి అద్దెకిస్తే సరిపోతుందని సమాధానం వచ్చింది. నిర్ణయం వాయిదా పడింది. సభ్యులు అధ్యాపకుల అభిప్రాయం కోరారు.

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి పచ్చికతో ఏమి పని అని కొందరు మిత్రులు నవ్వారు. ఎండిన నేల మీద మోకాళ్లు దోక్కుపోయి, మరునాడు కుంటుతూ తరగతికి వచ్చే పిల్లలను చూసేది మేమే కనుక పని ఉన్నదనే మా నమ్మకం. తెలుసుకొన్న విషయాలను విద్యార్థుల ఎదుటా, పాలకవర్గం వారి ఎదుటా ఉంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కృత్రిమ పచ్చిక పుట్టుక

కృత్రిమ పచ్చిక ఏ అవసరం కొద్దీ పుట్టిందో తెలిస్తే, అది ఎవరికి అవసరమో కూడా తెలుస్తుంది. 1965లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఆస్ట్రోడోమ్ అనే పైకప్పు గల మహా క్రీడాస్థలం ప్రారంభమైంది. కప్పు పారదర్శకమైన పలకలతో కట్టినది గనుక లోపల పచ్చిక పెరిగింది. కాని ఆ పలకల మెరుపులో బేస్‌బాల్ క్రీడాకారులకు గాలిలోని బంతి కనిపించలేదు. పలకలకు రంగు పూశారు. బంతి కనిపించింది గాని, ఎండ అందక పచ్చిక చచ్చిపోయింది. మిగిలిన పోటీలను ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు వేసి నడిపించారు. మరుసటి సంవత్సరం, 1966లో, మోన్‌శాంటో సంస్థ వారి నైలాను పచ్చికను అక్కడ పరిచారు. అంతకు ముందే 1964లో ప్రావిడెన్స్ నగరపు ఒక పాఠశాలలో దానిని పరిచి ఉన్నారు. ఆస్ట్రోడోమ్ పేరు మీదుగానే దానికి ఆస్ట్రోటర్ఫ్ అనే పేరు స్థిరపడింది.

ఎండ లేని చోట గడ్డికి బదులుగా లోకప్రసిద్ధి పొందిన వస్తువు ఇది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. తరువాతి చర్చకంతటికీ ఇదే పునాది.

ఆనాటి నైలాను తివాచీ పొట్టిది, గట్టిది. దాని మీద జారిపడితే చర్మం కాలినట్లు ఊడివచ్చేది. తరువాతి రకంలో పోగుల మధ్య ఇసుక నింపారు. నేడు విరివిగా వాడుతున్న మూడవ తరం పచ్చికలో పోగులు పాలిథీన్‌వి. నలభై నుండి అరవై మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. వాటి మధ్య అడుగున ఇసుక, పైన రబ్బరు రేణువులు పోస్తారు. ఈ రేణువులు చాలావరకు పాత టైర్లను నలగ్గొట్టి చేసినవి. గుత్తేదారు చూపిన నమూనా ఈ తరానిదే.

దాని గుణాలు

గుణాలను చెప్పకుండా దోషాలు ఎంచటం న్యాయం కాదు. కృత్రిమ పచ్చిక మీద బంతి అంతటా ఒకే తీరుగా దొర్లుతుంది. వాన వెలిసిన కొద్దిసేపటికే ఆడుకోవచ్చు. ఒక జట్టు వెనుక మరొక జట్టు ఉదయం నుండి రాత్రి వరకు ఆడినా గోలు ముందు నేల బోడి కాదు. ఇరుకైన నగరాలలో ఒకే స్థలాన్ని వందలమంది వాడుకోవలసినప్పుడు ఇది చిన్న మేలు కాదు.

నార్వే దేశంలో ఉత్తర ధ్రువ వలయానికి పైన ఉన్న బోడో పట్టణపు జట్టు కృత్రిమ పచ్చిక మీదనే ఆడుతూ, 2025లో యూరోపా లీగు సెమీఫైనలు వరకు వెళ్లింది. చలికాలంలో సూర్యుడే సరిగా కనిపించని చోట గడ్డిని పెంచమనటం అవివేకం. మన దేశంలో మిజోరాం సంగతీ ఆలోచించదగినదే. చదునైన నేల దొరకటమే అరుదైన ఆ కొండలలో, నెలల తరబడి కురిసే వానలలో, ఐజాల్ పిల్లలు కృత్రిమ పచ్చిక మీద ఆడి పైకి వచ్చారు. ఐజాల్ జట్టు 2016–17లో ఐ–లీగు విజేత అయింది.

కనుక ఈ వస్తువు చెడ్డదని మేము అనటం లేదు. ఎండ చాలని చోట, వాన విడువని చోట, నేల దొరకని చోట అది అక్కరకు వచ్చే చుట్టం. అయితే మన నేలకు ఆ మూడు కొరతలలో ఏది ఉన్నదన్నదే ప్రశ్న.

ఫుట్‌బాలు లోకం నడిచిన దారి

ఇంగ్లండులో క్వీన్స్ పార్క్ రేంజర్స్ జట్టు 1981లో తమ మైదానంలో కృత్రిమ పచ్చిక పరిచింది. ల్యూటన్, ఓల్డమ్, ప్రెస్టన్ జట్లు ఆ దారి పట్టాయి. బంతి అతిగా ఎగిరేది. ఆ నేల అలవాటైన సొంత జట్టుకు అది అనుచితమైన అనుకూలమని ఇతరులు ఆరోపించారు. రేంజర్స్ వారు 1988లోనే తీసివేశారు. చివరిదైన ప్రెస్టన్ పచ్చిక 1994లో పోయింది. నేటికీ ఇంగ్లండు లీగులోని పై నాలుగు శ్రేణులలో కృత్రిమ పచ్చికకు అనుమతి లేదు. 2021లో సటన్ యునైటెడ్ అనే చిన్న జట్టు నాలుగవ శ్రేణికి ఎదిగినప్పుడు, ఉన్న కృత్రిమ పచ్చికను పెకలించి గడ్డి వేయవలసి వచ్చింది.

2004లో ఆట నియమాలు కృత్రిమ పచ్చికను అంగీకరించాయి. దాని రంగు ఆకుపచ్చగానే ఉండాలన్నది నియమం. నాణ్యతను పరీక్షించే పద్ధతిని ఫిఫా అంతకు ముందే ఏర్పరచింది. అయినా పెద్ద పోటీల మొగ్గు గడ్డి వైపే ఉన్నది. 2008లో మాస్కోలో ఛాంపియన్స్ లీగు అంతిమ పోటీకి, అక్కడి కృత్రిమ పచ్చిక మీద ఆడించక, తాత్కాలికంగా సహజ పచ్చికను తెచ్చి పరిచారు. 2015లో కెనడాలో జరిగిన మహిళల ప్రపంచకప్‌ను పూర్తిగా కృత్రిమ పచ్చిక మీద నిర్వహించారు. పురుషులకు ఎన్నడూ విధించనిది తమకెందుకు విధిస్తున్నారని పేరుగల క్రీడాకారిణులు 2014లో ఫిర్యాదు చేసి, మరుసటి జనవరిలో ఉపసంహరించుకొన్నారు. వారి ప్రశ్న మాత్రం నిలిచింది. 2023 మహిళల ప్రపంచకప్ అంతా గడ్డి మీదనే జరిగింది. 2026 ప్రపంచకప్‌కు ఎంపికైన స్టేడియములలో కొన్నిటిలో కృత్రిమ పచ్చిక ఉన్నప్పటికీ, ఆ పోటీలకు సహజ పచ్చికనే నియమంగా పెట్టారు. నెదర్లాండ్స్‌లోని అగ్రశ్రేణి 2025–26 నుండి, స్కాట్లండ్‌లోని అగ్రశ్రేణి 2026–27 నుండి కృత్రిమ పచ్చికను విడనాడాలని నిర్ణయించుకొన్నాయి. మన కలకత్తా సాల్ట్‌లేక్ స్టేడియంలో పరిచిన కృత్రిమ పచ్చికను కూడా, 2017లో పదిహేడేళ్లలోపు బాలుర ప్రపంచకప్‌కు ముందే తీసి గడ్డి పెంచారు.

ఇక్కడ ఒకరు హాకీని గుర్తుచేయవచ్చు. 1975లో కౌలాలంపూర్‌లో గడ్డి మీద ప్రపంచకప్ గెలిచిన మన జట్టు, మరుసటి సంవత్సరం మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఏడవ స్థానానికి పడిపోయింది. ఒలింపిక్ హాకీని కృత్రిమ పచ్చిక మీద ఆడించటం అదే మొదలు. ఓటమికి ఇతర కారణాలూ ఉండవచ్చు. కాని లోకం మారుతున్నప్పుడు మనం గడ్డిని పట్టుకొని కూర్చోవటం వల్ల వెనుకబడ్డామనే మాటలో సత్యం ఉన్నది. ఆ పాఠాన్ని ఫుట్‌బాలుకు అన్వయించేటప్పుడు ఒక్క భేదాన్ని మరువరాదు. హాకీ లోకం గడ్డిని విడిచి వెళ్లింది. ఫుట్‌బాలు లోకపు పై మెట్లు గడ్డి వైపే తిరిగి వస్తున్నాయి. లోకంతోపాటు నడవాలంటే మనం నడవవలసిన దిక్కు అటే.

ఎండ చేసే పని

ఇక మన ఊరి మాటకు వద్దాము. దక్కను వేసవి ఎట్టిదో వేరే చెప్పనక్కరలేదు. అదే ఎండ గడ్డి మీద ఒక పని, ప్లాస్టిక్ మీద మరొక పని చేస్తుంది. గడ్డి వేళ్లతో నీటిని తీసుకొని ఆకుల గుండా ఆవిరిగా విడుస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావటానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. ఆ వేడి నేల నుండి పోతుంది గనుక నేల చల్లబడుతుంది. మట్టికుండలో నీరు చల్లబడే సూత్రమే ఇది. ప్లాస్టిక్ పోగులో నీరు లేదు, విడిచే ఆవిరి లేదు. పడిన ఎండనంతా అదీ, నల్లని రబ్బరు రేణువులూ దాచుకొంటాయి.

2002లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వారు తమ కృత్రిమ మైదానంలో కొలతలు తీశారు. గాలి వేడిమి సుమారు 37 డిగ్రీలున్న రోజున పచ్చిక ఉపరితలం 93 డిగ్రీల దాకా వెళ్లింది. నీరు చల్లితే వేడి ఒక్కసారిగా దిగింది గాని, ఐదు నిమిషాలలో 50 దగ్గరకు, ఇరవై నిమిషాలలో 70 దాటి మళ్లీ చేరుకొన్నది. 50 డిగ్రీల వస్తువును కొద్ది నిమిషాలు అంటుకొని ఉంటే చర్మం కాలుతుందని వైద్యులు చెబుతారు.

ఈ అంకెల అర్థం మాకు నిరుడు మే నెలలో తెలిసింది. సెలవులలో మన జట్టు పిల్లలు చందా వేసుకొని, నగరంలోని ఒక అద్దె టర్ఫ్‌కు మమ్మల్ని కూడా తీసుకొని వెళ్లారు. సాయంకాలం వేళకు అద్దె ఎక్కువని మధ్యాహ్నం మూడు గంటలకు కుదుర్చుకొన్నారు. ఇద్దరు పిల్లలకు బూట్లు లేవు. మన మైదానంలో ఏడాది పొడవునా వట్టికాళ్లతోనే ఆడేవారు గనుక అక్కడా అలాగే దిగారు. పది నిమిషాలలో ఇద్దరూ గట్టు మీదికి వచ్చి కూర్చున్నారు. ఎందుకురా అంటే, "కాలుతోంది సార్" అన్నాడొకడు. రెండవవాడు ఏమీ అనలేదు. అరికాళ్లను కనబడకుండా మడుచుకొన్నాడు. మరునాడు చూస్తే బొబ్బలు. ఇచ్చిన చందా వృథా అయినందుకే ఆ బాలుడు ఎక్కువ బాధపడ్డాడు.

వట్టికాళ్ల ఆట మన దేశానికి కొత్త కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సు జట్టును ఎదిరించి, 2–1 తేడాతో మాత్రమే ఓడిన మన జట్టులో ఎక్కువమంది వట్టికాళ్లతో ఆడినవారే. దానిని గొప్పగా చెప్పుకోవాలని కాదు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిన తరువాత బూట్లు అవసరమని అందరూ గ్రహించారు. మన పిల్లలందరికీ బూట్లు రావాలి. అవి వచ్చేలోగా, బూట్లు లేనివాడిని గట్టు మీద కూర్చోబెట్టే నేలను మాత్రం మనం కొని తేరాదు.

గాయాలు, వ్యర్థాలు

కృత్రిమ పచ్చిక మీద గాయాలు ఎక్కువా అన్న ప్రశ్నకు పరిశోధకులందరూ ఒకే జవాబు చెప్పటం లేదు. నాణ్యమైన మూడవ తరం పచ్చిక మీద మొత్తం గాయాల సంఖ్యలో పెద్ద తేడా లేదని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అమెరికన్ ఫుట్‌బాలు వృత్తి క్రీడాకారుల సంఘం మాత్రం, ఎవరినీ ఢీకొనకుండానే కాళ్లకు తగిలే గాయాలు కృత్రిమ పచ్చిక మీద 28 శాతం ఎక్కువని 2020లో ప్రకటించింది. అది వేరే ఆట గనుక ఆ అంకెను యథాతథంగా మనకు అన్వయించలేము. కాని కారణం ఊహించదగినదే. గడ్డినేలలో బూటు అడుగు మేకు పట్టుకొన్నప్పుడు, బలం మితిమీరితే మట్టిపెళ్ల లేచి కాలు విడిపోతుంది. ప్లాస్టిక్ అలా విడిచిపెట్టదు. ఆ బలం మోకాటి మీదనో చీలమండ మీదనో పడుతుంది.

మరొకటి వ్యర్థాల సమస్య. ఒక పూర్తి మైదానానికి పదుల టన్నుల రబ్బరు రేణువులు పోస్తారు. ఆడేకొద్దీ అవి బూట్లకు అంటి, వాననీటిలో కొట్టుకొని కాలువలకు చేరుతాయి. ఈ కారణంగానే ఐరోపా సంఘం 2023లో ఇట్టి రేణువుల అమ్మకంపై నిషేధం విధించి, మైదానాల వారికి ఎనిమిదేళ్ల గడువు ఇచ్చింది. తివాచీ ఆయుర్దాయం సుమారు పదేళ్లు. పదేళ్ల తరువాత దానిని చుట్టి ఎక్కడ పారవేయాలి? మళ్లీ కొనటానికి సొమ్ము ఎక్కడ నుండి తేవాలి? నమూనా ముక్క వెంట ఈ ప్రశ్నలకు జవాబు రాలేదు.

గరిక మాహాత్మ్యం

వేడిదేశాల స్టేడియములలో పెంచే బెర్ముడా గడ్డి అనేది ఏదో విదేశీ వస్తువని చాలామంది అనుకొంటారు. అది మన గరికే. వినాయక చవితి పత్రిలో పెట్టేదీ, పొలంగట్ల మీద పశువులు మేసేదీ, పీకినకొద్దీ మొలిచి రైతును విసిగించేదీ అదే జాతి. దాని సంకర రకాలను ప్రపంచమంతటా క్రీడాస్థలాలకు వాడుతున్నారు. దానికి నీడ పడదు, ఎండ అంటే ప్రాణం. నేల మీద కాడలతోనూ, నేల లోపల కొమ్ములతోనూ పాకుతుంది. తొక్కినచోట మళ్లీ అల్లుకొంటుంది. హ్యూస్టన్ వారికి లేనిదీ, బోడో వారికి చాలనిదీ అయిన ఎండ మనకు కావలసినంత ఉన్నది. ఆ ఎండకు తగిన గడ్డి అడగకుండానే మన గోడ పక్కన మొలుస్తున్నది.

నీటి మాట దాచరాదు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల మైదానం వైశాల్యం 7,140 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క మిల్లీమీటరు నీరు నిలవాలంటే 7,140 లీటర్లు కావాలి. ఎండాకాలంలో రోజుకు ఐదు మిల్లీమీటర్ల చొప్పున ఇవ్వాలంటే 35,700 లీటర్లు. నీటి ఎద్దడిగల నగరంలో ఇది గట్టి ఆక్షేపణే. అయితే గరికకు ప్రతిరోజూ నీరు అక్కరలేదు. లోతుగా తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడిపితే వేరు లోతుకు దిగుతుంది. ఎండ ముదిరినప్పుడు పచ్చదనం తగ్గినా వేరు చావదు. పైగా మన ప్రాంగణంలో వృథాగా పోయే నీరు తక్కువేమీ కాదు. నమాజుకు ముందు వుజూ చేసిన నీరు, చేతులు ముఖాలు కడిగిన నీరు, దాదాపు శుభ్రమైనది, నేరుగా మురుగుకాలువలో కలుస్తున్నది. ఒక తొట్టి కట్టి, ఒక గొట్టం వేస్తే అది గరికకు చేరుతుంది. 2022లో ఎడారి దేశమైన ఖతర్ ప్రపంచకప్‌ను సహజ పచ్చిక మీదనే నిర్వహించిందన్నది ఇక్కడ గమనార్హం.

అసలు కొరత

మన మైదానం నేడు ఎందుకు బోడిగా ఉన్నది? ఎండ వల్ల కాదు, పిల్లల పాదాల వల్ల కాదు. తోటమాలి ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఆ స్థానాన్ని మనం భర్తీ చేయలేదు. నాటినవాడు లేడు, తడిపినవాడు లేడు, గోలు స్తంభాలను నెలకొకసారి పక్కకు జరిపి అరిగిన నేలకు విశ్రాంతి ఇచ్చినవాడు లేడు. పాలకవర్గం వారు కోపగించరాదు. ఈ ఉపేక్షలో అధ్యాపకులమైన మాకూ భాగం ఉన్నది. సంరక్షణ లేక గడ్డి చచ్చిన చోట సంరక్షణ లేకుండా ప్లాస్టిక్ మాత్రం బాగుంటుందనుకోవటం భ్రమ. దానినీ దువ్వాలి, రేణువులు సర్దాలి, అతుకులు కుట్టాలి. సరిచేయని అతుకు బోడి నేల కంటె ప్రమాదకరం.

హైదరాబాదు ఫుట్‌బాలుకు ప్రాణం పోసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఉపాధ్యాయులు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం పొందింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం సాధించింది. బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో ఆయన పిల్లలకు పోటీలు పెట్టేవారట. ఖర్చులేని ఆలోచన అది. కావలసినది నేల, బంతి, దగ్గర నిలబడి చూసే ఒక గురువు. ఆ మైదానాల తలుపులకు గంటల అద్దె లేదు.

మా విన్నపం ఇది. తొలకరి పడగానే నేల దున్ని, చదును చేసి, నీరు నిలవకుండా వాలు తీసి, గరిక కాడలు నాటించండి. రెండు నెలలు దానిని తొక్కవద్దని విద్యార్థులకు మేము చెబుతాము. వారు వింటారు. ఒక తోటమాలిని నియమించండి. వుజూ నీటికి తొట్టి కట్టించండి. విద్యార్థులకు కూడా ఒక పని ఉన్నది. భౌతికశాస్త్ర ప్రయోగశాల నుండి ఉష్ణమాపకాన్ని అడిగి తీసుకొని, మే నెల మధ్యాహ్నం గోడ పక్కని గరిక మీద ఒకసారి, గుత్తేదారు వదిలివెళ్లిన నమూనా ముక్క మీద ఒకసారి పెట్టి, వచ్చిన అంకెలను నోటీసు బోర్డు మీద రాయండి. మా మాట నమ్మనక్కరలేదు, ఆ అంకెలను నమ్మితే చాలు.

ఆ తరువాత పాలకవర్గం వారు ఏ నిర్ణయం తీసుకొన్నా శిరసావహిస్తాము. ఒక్కటి మాత్రం కోరుతాము. మైదానం మీద ఏది పరిచినా, సాయంకాలం నాలుగు గంటలకు దాని తలుపు మన పిల్లలకు తెరిచి ఉండాలి. బూట్లు లేనివాడు కూడా అందులో కాలు పెట్టగలగాలి.